ఆపద్ధర్మానికి హద్దు: అమెరికా ఎన్నికల ధనం, నాయకుల దంభం

ఒక నియమం అన్యాయమైనదని నిండు సభలో చెప్పి, ఆ నియమం వల్ల తనకు కలిగే లాభాన్ని మాత్రం వదులుకోని నాయకుడు చేస్తున్న తప్పు ఏమిటన్న ప్రశ్న నీతిశాస్త్రంలో పైకి కనిపించినంత తేలికైనది కాదు. అతడు చట్టాన్ని ఉల్లంఘించడం లేదు. ఆ నియమం చెడ్డదని అతడు మనస్ఫూర్తిగానే నమ్ముతూ ఉండవచ్చు కనుక అబద్ధమాడుతున్నాడని అనడానికీ వీలు లేదు. అయినప్పటికీ అతని మాటకూ నడతకూ మధ్య ఉన్న ఎడాన్ని చూసినవారికి ఎక్కడో మోసం జరిగిందన్న భావం కలుగుతుంది. ఆ భావంలో న్యాయమెంత, తొందరపాటు ఎంత అని విచారించడానికి గత యాభై ఏళ్ల అమెరికా ఎన్నికల చరిత్ర కావలసినంత సామగ్రిని అందిస్తుంది. ఎన్నికల ధనానికి కట్టడి ఉండాలని పోరాడినవారూ, ఆ కట్టడి వాక్‌స్వాతంత్ర్యాన్ని హరిస్తుందని వాదించినవారూ కూడా అక్కడ తమ తమ మాటలకు ఎదురు నడిచారు.

ఆ దేశపు చట్టంలో లొసుగులు ఎలా ఏర్పడ్డాయో ముందుగా తెలుసుకోవాలి. వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత 1974లో అమెరికా కాంగ్రెస్ అభ్యర్థులకు ఇచ్చే విరాళాలకూ, వారు పెట్టే ఖర్చుకూ కూడా పరిమితులు విధించింది. 1976 జనవరిలో బక్లీ వర్సెస్ వాలియో అనే కేసులో సుప్రీంకోర్టు ఈ రెండింటినీ విడదీసి, విరాళాల మీద పరిమితిని నిలబెట్టి, ఖర్చు మీద పరిమితిని కొట్టివేసింది. అభ్యర్థి చేతికి నేరుగా అందే పెద్ద సొమ్ము లంచంగా మారే ప్రమాదం ఉన్నది కనుక దానికి హద్దు పెట్టవచ్చునని, అభ్యర్థితో సంబంధం లేకుండా ఒక పౌరుడు తన అభిప్రాయాన్ని ప్రచారం చేయడానికి పెట్టే ఖర్చు మాత్రం అతని వాక్కులో భాగమేనని న్యాయస్థానం భావించింది. ఆధునిక సమాజంలో డబ్బు లేకుండా లక్షలాది మందికి మాట వినిపించడం సాధ్యం కాదు కాబట్టి ఖర్చుకు హద్దు పెట్టడమంటే మాటకు హద్దు పెట్టడమేనన్నది ఆ తీర్పులోని తర్కం. ఆ తర్కాన్ని 2010 జనవరి 21న సిటిజెన్స్ యునైటెడ్ తీర్పు, అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరోవైపు ఉండగా, కంపెనీలకూ కార్మిక సంఘాలకూ విస్తరింపజేసింది. అదే ఏడాది మార్చిలో వాషింగ్టన్ అప్పీలు కోర్టు స్పీచ్‌నౌ కేసులో, స్వతంత్రంగా ఖర్చు చేసే సంస్థలకు ఎవరైనా ఎంతైనా విరాళం ఇవ్వవచ్చునని చెప్పింది. ఈ రెండు తీర్పుల కలయికలోంచి పుట్టినవే సూపర్ ప్యాక్‌లు. ఇవి అభ్యర్థికి విరాళం ఇవ్వకూడదు, అభ్యర్థితో కూడబలుక్కోకూడదు. ఈ రెండు నిషేధాలకు లోబడి ఎంతైనా వసూలు చేయవచ్చు, ఎంతైనా ఖర్చు పెట్టవచ్చు. వీటి పక్కనే పన్నుల చట్టం ప్రకారం సంఘ సంక్షేమ సంస్థలుగా నమోదైన మరో రకం సంఘాలు ఉన్నాయి. అవి తమ దాతల పేర్లను ప్రజలకు చెప్పనవసరం లేదు కనుక వాటి ద్వారా ప్రవహించే సొమ్మును అక్కడివారు డార్క్ మనీ అంటారు.

ఈ ఏర్పాటులోని అసమానత అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి అనుభవంలో ఉన్నదే. గ్రీన్‌కార్డు వచ్చిన వ్యక్తి 2024 ఎన్నికల్లో ఒక అభ్యర్థికి ఒక్కో పోటీకి గరిష్ఠంగా 3,300 డాలర్లు ఇవ్వగలిగాడు. హెచ్-1బీ వీసా మీద ఏళ్ల తరబడి పనిచేస్తూ పన్నులు కడుతున్న వ్యక్తి ఒక్క డాలరు ఇచ్చినా చట్టవిరుద్ధమే. అదే ఎన్నికల్లో ఈలాన్ మస్క్ అనే ఒకే ఒక్క సంపన్నుడు 25 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించగలిగాడు, ఎందుకంటే ఆ సొమ్ములో అత్యధిక భాగం అభ్యర్థి ఖాతాలోకి పోకుండా సూపర్ ప్యాక్‌ల ఖాతాల్లోకి పోయింది.

కూడబలుక్కోకూడదన్న నిషేధం ఆచరణలో ఎంత పలచబడిందో చూపడానికి రెండు ఉదాహరణలు చాలు. 2014 మార్చిలో కెంటకీ సెనేటర్ మిచ్ మెక్కానెల్ ప్రచార విభాగం సుమారు రెండున్నర నిమిషాల వీడియో ఒకటి ఇంటర్నెట్‌లో పెట్టింది. అందులో మాటలు లేవు, వెనుక సంగీతం మాత్రమే ఉంది. సెనేటర్ బల్ల దగ్గర కూర్చుని కెమెరా వైపు చూసి చిరునవ్వు నవ్వుతారు, సతీమణితో కనిపిస్తారు, ఓటర్లతో కరచాలనం చేస్తారు. ప్రకటనగా చూస్తే దానికి అర్థం లేదు, కాని ఆయనకు అనుకూలంగా ప్రకటనలు తయారుచేసే బయటి సంస్థలకు అది సిద్ధంగా ఉంచిన ముడిసరుకు. అందరికీ కనిపించే చోట పెట్టారు కనుక దానిని రహస్య మంతనం అనడానికి చట్టంలో ఆధారం దొరకదు. రెండవది రెండు పార్టీల అభ్యర్థులూ అలవాటు చేసుకున్న పద్ధతి: తమ వెబ్‌సైటులో ఒక మూల ఎర్రని గీతల చట్రం గీసి, ఫలానా ప్రాంతపు ఓటర్లు ఫలానా విషయాన్ని చూడాలి, చదవాలి, వినాలి అని రాస్తారు. చూడాలి అంటే టెలివిజన్ ప్రకటన అని, చదవాలి అంటే ఇంటికి పంపే కరపత్రమని చదవవలసినవారికి తెలుసు. సాధారణ పౌరుడు ఆ పేజీని ఎన్నడూ తెరవడు. నిషేధం చట్టపుస్తకంలో అక్షరాలా అలాగే ఉండగా, దాని ప్రాణం పోయి చాలా కాలమైంది.

ఈ నేపథ్యంలో బరాక్ ఒబామా ప్రస్థానాన్ని పరిశీలించడం అవసరం, ఎందుకంటే ఈ ప్రశ్నలోని చిక్కంతా ఆయన ఉదాహరణలో ఒక్కచోట పోగుపడింది. ప్రత్యర్థి కూడా అంగీకరిస్తే ప్రభుత్వ నిధులతోనే ఎన్నికల్లో పోరాడతానని ఆయన మొదట సూచించారు. అధ్యక్ష అభ్యర్థి ప్రైవేటు విరాళాలు మాని, ప్రభుత్వం ఇచ్చే నిర్దిష్టమైన మొత్తంతో సరిపెట్టుకునే ఆ పద్ధతి 1976 నుంచి అమలులో ఉండేది. 2008 జూన్‌లో ఆయన ఆ నిధులను నిరాకరించారు. ప్రత్యర్థి జాన్ మెకెయిన్ 8.4 కోట్ల డాలర్ల ప్రభుత్వ నిధితో పోటీ చేయగా, ఒబామా ప్రచారం మొత్తం మీద 70 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చుకుంది. తర్వాత 2010 జనవరి 27న, సిటిజెన్స్ యునైటెడ్ తీర్పు వెలువడి వారమైనా తిరగకముందే, ఉభయ సభల ఎదుట చేసిన ప్రసంగంలో, ఎదురుగా న్యాయమూర్తులు కూర్చుని ఉండగానే ఆయన ఆ తీర్పును తీవ్రంగా విమర్శించారు. 2012 ఫిబ్రవరిలో ఆయన ప్రచార సారథి, తమ మద్దతుదారులు ప్రయారిటీస్ యుఎస్ఏ యాక్షన్ అనే సూపర్ ప్యాక్‌కు విరాళాలు ఇవ్వవచ్చునని, ప్రభుత్వంలోని ఉన్నతాధికారులు ఆ సంస్థ సభల్లో పాల్గొంటారని ప్రకటించారు. ఆ సంస్థను స్థాపించినవారు వైట్‌హౌస్‌లో ఆయన దగ్గర పనిచేసి వచ్చినవారే. ఎదుటిపక్షం ఆయుధాలన్నీ వాడుతుండగా తామొక్కరే ఆయుధాలు కింద పెట్టి ఓడిపోవడం బాధ్యత కాదన్నది ఇందుకు చెప్పిన సమర్థన. 2019 అక్టోబరులో జో బైడెన్ ప్రచారం సూపర్ ప్యాక్‌కు అంతకుముందు చెప్పిన అభ్యంతరాన్ని విరమించుకున్నప్పుడూ ఇంచుమించు ఇదే మాట వినిపించింది.

రిపబ్లికన్ల విషయంలో ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది. ఎన్నికల్లో పెట్టే ఖర్చు వాక్‌స్వాతంత్ర్యంలో భాగమని నమ్మే నాయకుడు సూపర్ ప్యాక్ సాయం తీసుకుంటే అందులో కపటమేమీ లేదు. అతడు తాను నమ్మినదే చేస్తున్నాడు. అయితే ఆ పక్షం దశాబ్దాల పాటు పరిమితులకు ప్రత్యామ్నాయంగా పారదర్శకతను చూపించింది: ఎవరైనా ఎంతైనా ఇవ్వనివ్వండి, ఎవరిచ్చారో వెంటనే ప్రజలకు తెలియనివ్వండి అన్నది ఆ వాదం. మెక్కానెల్ కూడా ఒకప్పుడు ఆ వాదాన్ని గట్టిగా వినిపించినవారే. సిటిజెన్స్ యునైటెడ్ తీర్పులో సైతం తొమ్మిది మందిలో ఎనిమిది మంది న్యాయమూర్తులు దాతల పేర్లు వెల్లడించాలన్న నిబంధనలను సమర్థించారు. కాని ఆ ఏడాదే డిస్‌క్లోజ్ చట్టం పేరుతో అటువంటి నిబంధనను విస్తరించే బిల్లు సెనేట్‌కు వచ్చినప్పుడు, చర్చ ముగించడానికి 60 ఓట్లు కావలసి ఉండగా సెప్టెంబరులో 59 మాత్రమే దొరికి అది ఆగిపోయింది. రిపబ్లికన్ సభ్యుడు ఒక్కరూ దానికి ఓటు వేయలేదు. పరిమితులు పెట్టే కాలంలో పారదర్శకత చాలునని చెప్పి, పరిమితులు తొలగిన తర్వాత పారదర్శకతనూ కాదనడం, సూపర్ ప్యాక్‌ను తిట్టి వాడుకోవడం కంటే తక్కువ దోషమేమీ కాదు.

గోప్యతను సమర్థించేవారి పక్షాన ఒక బలమైన కారణం ఉన్న మాటను కూడా ఇక్కడ గుర్తించాలి. అలబామా రాష్ట్రం నల్లజాతివారి హక్కుల సంస్థ అయిన ఎన్ఏఏసీపీ సభ్యుల జాబితా ఇవ్వాలని పట్టుబట్టినప్పుడు, ఆ పేర్లు బయటపడితే సభ్యులు ఉద్యోగాలు పోగొట్టుకుంటారని, దాడులకు గురవుతారని గ్రహించి సుప్రీంకోర్టు 1958లో ఆ గోప్యతను కాపాడింది. బలహీనుడికి గోప్యత రక్షణ కవచమన్నది నిజం. కాని కోట్ల డాలర్లు గుమ్మరించే దాతకు ఆ అలబామా సభ్యులకు ఉన్న భయం ఉందని ఎవరైనా వాదిస్తే, ఆ తీర్పు వెనుక ఉన్న బాధను అరువు తెచ్చుకుని ధనానికి తెరగా కట్టడమే అవుతుంది. దాతలను దాచే ఈ మార్గాన్ని ఒక్క పక్షమే వాడుకున్నదనడం కూడా తప్పు. 2020 ఎన్నికల సమయంలో డెమొక్రాట్లకు అనుకూలమైన పదిహేను ప్రధాన సంస్థలు 150 కోట్ల డాలర్లకు పైగా, రిపబ్లికన్లకు అనుకూలమైన పదిహేను సంస్థలు సుమారు 90 కోట్ల డాలర్లు వెచ్చించినట్లు న్యూయార్క్ టైమ్స్ 2022లో లెక్క తేల్చింది. గోప్యతను నిషేధించాలన్న పక్షమే ఆ ఏడాది గోప్యత నుంచి ఎక్కువ లాభం పొందింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావచ్చు. నియమం మారాలని కోరడం వేరు, మారని నియమం కింద బతకడం వేరు అన్న వాదాన్ని తేలికగా తీసిపారేయడానికి వీలు లేదు. పన్నులు పెంచాలని కోరే సంపన్నుడు తానొక్కడే ముందుగా అదనపు పన్ను కట్టనంత మాత్రాన అతని వాదం అబద్ధమైపోదు, ఎందుకంటే అతడు కోరుతున్నది అందరికీ వర్తించే మార్పును. జి.ఎ. కొహెన్ అనే తత్త్వవేత్త 2000లో వెలువరించిన ఒక గ్రంథంలో, సమానత్వాన్ని నమ్మే ధనవంతుడు తన ధనాన్ని అట్టే ఉంచుకోవడానికి చెప్పే కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టాడు. వాటిలో కొన్నింటికి బలం ఉంది, కాని నియమం మారే దాకా నాకు బాధ్యత లేదన్న మాట ఎంత సౌకర్యంగా ఉంటుందో అంత అనుమానించదగినదని ఆ చర్చ చదివిన వారికి తెలుస్తుంది. ఆర్. జే వాలెస్ అనే మరో తత్త్వవేత్త 2010లో చేసిన విశ్లేషణ ఇక్కడ ఇంకా ఉపకరిస్తుంది. అతని దృష్టిలో దంభంలోని దోషం మాటకూ చేతకూ పొంతన లేకపోవడం మాత్రమే కాదు. ఇతరులు చేసినప్పుడు నిందించిన పనిని తాను చేసినప్పుడు ఆ నింద నుంచి తనను మినహాయించుకోవడంలో, మనుషులందరూ నైతికంగా సమానులన్న మూల సూత్రాన్నే అతడు తిరస్కరిస్తున్నాడు. ఈ విశ్లేషణను అన్వయిస్తే, సూపర్ ప్యాక్ సాయం తీసుకుంటూనే ప్రత్యర్థిని ధనస్వాముల చేతిలో కీలుబొమ్మ అని నిందించే అభ్యర్థి దోషి అవుతాడు. ఇద్దరం ఒకే బురదలో ఉన్నాము, దీనిని కడగాలి అని చెప్పే అభ్యర్థి ఆ మేరకు దోషి కాడు.

ఈ భేదాన్ని మరింత లోతుగా చూపే కథ భారతీయ సంప్రదాయంలో, తిక్కన తెలుగు చేసిన మహాభారత శాంతిపర్వంలో ఉన్నది. ఆపత్కాలంలో, అంటే ధర్మాన్ని పూర్తిగా పాటిస్తే ప్రాణమే నిలవని కాలంలో, మనిషి ఎంతవరకు సడలింపు పొందవచ్చునో చెప్పే భాగాన్ని ఆపద్ధర్మమని అంటారు. పన్నెండేళ్ల కరువులో ఆకలికి తట్టుకోలేని విశ్వామిత్రుడు ఊరి వెలుపల ఒక చండాలుని గుడిసెలో కుక్క తొడను దొంగిలించబోతాడు. ఆ ఇంటివాడు మేల్కొని, ఋషివైన నీకు ఇది తగదని అడ్డుకుంటాడు. ఇద్దరి మధ్య సాగిన వాదం చిన్నది కాదు, అందులో ధర్మం పక్షాన గట్టిగా నిలబడినవాడు లోకం హీనుడన్న మనిషే కావడం గమనించదగినది. చివరికి విశ్వామిత్రుడు ఆ మాంసాన్ని తీసుకుపోతాడు; కాని తినడానికి ముందు దేవతలకూ పితరులకూ భాగాలు సమర్పించగా ఇంద్రుడు వాన కురిపిస్తాడు, అటుపైన ఆ ఋషి తపస్సుతో తన పాపాన్ని దహించుకుంటాడు. కథ అంతా విన్న ధర్మరాజు సంతోషించలేదు. ఇంత ఘోరమైనదే ధర్మమైతే ఇక తాను మానవలసినది ఏది, దొంగలకైనా హద్దు అంటూ ఉంటుందా అని అతడు కలవరపడి, ధర్మం మీద తన పట్టు సడలిపోతున్నదని భీష్మునితో చెప్పుకున్నాడు. ఆపద్ధర్మాన్ని ఉదాహరించే చాలామంది ఈ కలవరాన్ని వదిలేస్తారు. కథలో అన్నింటికంటే అవసరమైన భాగం ఇదే.

ధర్మరాజు అడిగిన హద్దు కథలోనే ఉంది. ఆపద నిజమైనదై ఉండాలి. తీసుకున్నది ప్రాణం నిలిచేంత మేరకే ఉండాలి. చేసిన పని పాపమేనని చేసినవాడు ఒప్పుకుని దాన్ని కడుక్కునే ప్రయత్నం చేయాలి. అన్నిటికీ మించి, అతడు వాన కురవాలని కోరుకుంటూ ఉండాలి. ఆయుధాలు ఒక్కరమే ఎందుకు దించాలన్న వాదాన్ని ఈ కొలతతో కొలిస్తే ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో స్పష్టమవుతుంది. రెండేళ్లకు ఒకసారి క్యాలెండరు ప్రకారం వచ్చే ఎన్నికను ఆపత్కాలమని ఎన్నిసార్లు అనగలరు? 2008లో ప్రభుత్వ నిధులను కాదన్న ఒక్క నిర్ణయం తర్వాత, ఆపై వచ్చిన ఎన్నికల్లో ఏ ప్రధాన పార్టీ అధ్యక్ష అభ్యర్థీ వాటిని తీసుకోలేదు. ముప్పై ఏళ్లకు పైగా నడిచిన వ్యవస్థ పేరుకు చట్టంలో మిగిలి, ఆచరణలో అంతరించింది. ఒకసారికి అని చేసిన సడలింపు నియమాన్నే మింగేసింది. ఇక చివరి షరతు సంగతి. విరాళాలు కోరుతూ పంపే ఈ-మెయిళ్లలో డార్క్ మనీ మీద ఆగ్రహమే ముఖ్యమైన ఆకర్షణగా మారింది. లొసుగు మీద కోపం లొసుగును నింపే డబ్బు తెస్తున్నప్పుడు ఆ కోపం తీరాలని కోరుకునేవారు తగ్గిపోతారు. ఆపద్ధర్మం దంభంగా మారేది ఆ దశలోనే. భగవద్గీత పదహారవ అధ్యాయం ఆసురీ గుణాల లెక్కలో దంభాన్ని మొట్టమొదట ఉంచడం ఈ సందర్భంలో గుర్తుకు తెచ్చుకోదగినది.

ఒక్కరే ఆయుధం దించడం అవివేకమైతే, ఇద్దరూ కలిసి దించే మార్గం ఉన్నదా? మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012 సెనేట్ ఎన్నిక ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం తక్కిన ఉదాహరణలన్నింటికంటే విలువైనది. ఆ ఏడాది జనవరిలో రిపబ్లికన్ సెనేటర్ స్కాట్ బ్రౌన్, ఆయన మీద పోటీకి దిగిన డెమొక్రాట్ ఎలిజబెత్ వారెన్, పీపుల్స్ ప్లెడ్జ్ అనే ఒక లిఖిత ఒప్పందం మీద సంతకం చేశారు. బయటి సంస్థ ఏదైనా టెలివిజన్‌లోనో, రేడియోలోనో, ఇంటర్నెట్‌లోనో ప్రకటన వేస్తే, ఆ ప్రకటన వల్ల లాభపడిన అభ్యర్థి దాని ఖర్చులో సగానికి సమానమైన సొమ్మును తన ప్రచార నిధి నుంచి ఎదుటి అభ్యర్థి ఎంచుకున్న ధర్మసంస్థకు చెల్లించాలి. ఒప్పందాన్ని అమలుచేయడానికి కోర్టు లేదు, ఎన్నికల సంఘం లేదు. లాభం చేసే సహాయాన్ని నష్టంగా మార్చే ఆ లెక్క ఒక్కటే దానికి బలం. ఆ బలం సరిపోయింది. బయటి సంస్థల ప్రకటనలు వెలువడినప్పుడు బ్రౌన్ ప్రచారం ఒప్పుకున్న ప్రకారం సొమ్ము చెల్లించింది, అటుపైన ఆ ప్రకటనలు దాదాపుగా ఆగిపోయాయి. ఎన్నిక చవకగా ముగియలేదు, అభ్యర్థులిద్దరూ కలిసి 7 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టారు. కాని ఆ సొమ్ము చట్టపు పరిమితులకు లోబడి, ఇచ్చినవారి లెక్కతో అభ్యర్థుల సొంత ఖాతాల్లోకి వచ్చినది, ప్రకటనలోని ప్రతి మాటకూ ఎవరు బాధ్యులో ఓటరుకు తెలిసినది.

ఈ ప్రయోగం తర్వాతి కథ బాధ కలిగించేదిగా ఉంది. ఓడిపోయిన బ్రౌన్ 2014లో పక్క రాష్ట్రమైన న్యూ హాంప్‌షైర్‌లో పోటీ చేసినప్పుడు, అక్కడి సెనేటర్ జీన్ షహీన్ అదే ఒప్పందం ఆయన ముందు పెట్టగా ఆయన నిరాకరించారు. వారెన్ 2020 అధ్యక్ష పోటీలో సూపర్ ప్యాక్ సాయం వద్దని మొదట గట్టిగా చెప్పి, ఫిబ్రవరిలో పర్సిస్ట్ ప్యాక్ అనే సంస్థ తనకు అనుకూలంగా ప్రకటనలు వేయడం మొదలుపెట్టినప్పుడు, మిగిలినవారందరూ వదులుకుంటే తానూ వదులుకుంటానని అన్నారు. ఆ సంస్థ ఖర్చులో సింహభాగం ఒకే ఒక్క దాత ఇచ్చినదని ఆమె పోటీ నుంచి తప్పుకున్న తర్వాత దాఖలైన లెక్కల్లో తేలింది. ఒప్పందం పనిచేస్తుందని స్వయంగా నిరూపించిన ఇద్దరూ దానిని ఇలా విడిచిపెట్టారు. అయితే ఇద్దరి విషయం ఒకటి కాదు. బ్రౌన్ ఎదుట ఒప్పందం ఉన్నది, ఎదుటి అభ్యర్థి సంతకానికి సిద్ధంగా ఉన్నారు, కాబట్టి ఆయుధం ఒక్కడినే దించలేనన్న సాకు ఆయనకు లేదు. వారెన్ ఎదుట పలువురు ప్రత్యర్థులు ఉన్నారు, వారిలో సొంత కోట్లతో పోటీ చేస్తున్న మైకేల్ బ్లూమ్‌బర్గ్ వంటివారూ ఉన్నారు. ఆమెకు ఆపద్ధర్మం కొంత వర్తిస్తుంది. అయినా తాను వద్దన్న పని తన పేరు మీద జరుగుతున్నప్పుడు దానిని ఆపమని నోరు తెరిచి అడగడానికి ఎవరి సంతకమూ అవసరం లేదు.

భారతదేశపు అనుభవం ఈ చిత్రానికి దూరమైనది కాదు. అభ్యర్థి తరఫున పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖర్చు పరిమితిలోకే వస్తుందని 1974 అక్టోబరులో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పగా, పార్టీలూ ఇతరులూ పెట్టే ఖర్చు అందులోకి రాదని నాటి ప్రభుత్వం వెంటనే చట్టానికి వివరణ చేర్చింది. పరిమితి అక్షరంలో మిగిలి అర్థంలో పోయింది. 2018లో అమలులోకి వచ్చి, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసిన ఎన్నికల బాండ్ల పథకం దాతల పేర్లను ఓటరు నుంచి దాచింది. దానిని తెచ్చిన బీజేపీకి అందులో అన్ని పార్టీలకంటే ఎక్కువ సొమ్ము దక్కింది. రద్దు చేస్తామని 2019 ఎన్నికల ప్రణాళికలో హామీ ఇచ్చిన కాంగ్రెస్ పార్టీ అదే బాండ్ల ద్వారా ₹1,400 కోట్లకు పైగా పొందింది. తెలుగు రాష్ట్రాల పార్టీల్లో భారత రాష్ట్ర సమితికి ₹1,200 కోట్లకు పైగా, వైఎస్సార్ కాంగ్రెస్‌కు ₹330 కోట్లకు పైగా, తెలుగుదేశానికి ₹210 కోట్లకు పైగా వచ్చాయి. బాండ్లు తీసుకోబోమని చెప్పి, వాటి మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన సీపీఎం వైఖరి ఇందుకు భిన్నమైనది. కంపెనీలు ఆ పార్టీకి కోట్లు గుమ్మరించడానికి ఉవ్విళ్లూరలేదు కనుక ఆ త్యాగం చిన్నదని అనేవారు ఉన్నారు; ఆ మాటలో కొంత నిజం ఉన్నప్పటికీ, తలుపు మూసుకుని ఉన్న ఇంట్లో నిలబడి పోరాడినవారి వాదన వల్లనే చివరకు ఆ పథకం కూలిందన్నది అంతకంటే పెద్ద నిజం.

దంభాన్ని ఇలా తూకం వేస్తూ పోవడంలోనూ ఒక ప్రమాదం ఉన్నదని రాజకీయ తత్త్వవేత్త జూడిత్ ష్క్లార్ 1984లో హెచ్చరించింది. ప్రజాస్వామ్యంలో పక్షాలన్నీ ఒకరి కపటాన్ని మరొకరు బయటపెట్టడమే పనిగా పెట్టుకుంటే, క్రూరత్వం, అన్యాయం వంటి అసలు దోషాల మీద చర్చ వెనకబడుతుందని ఆమె అభిప్రాయం. నీవూ తిన్నావు కదా అన్న మాట, తినడం తప్పన్న వాదానికి సమాధానం కాదు. నిజానికి సంస్కరణ కోరినవాడే సంస్కరించవలసినదానిలో చిక్కుకోవడం ఆ వాదానికి సాక్ష్యమే అవుతుంది: ఎంత పట్టుదల ఉన్నవాడిని కూడా ఈ వ్యవస్థ వంచగలదని అది చూపిస్తుంది. అయితే ష్క్లార్ హెచ్చరికను దంభానికి మన్నింపుగా వాడుకునేవారికి ఒక సంగతి అడ్డుపడుతుంది. మాటకు విలువ పోయాక సంస్కరణ కోరే పిలుపును ఓటరు ఇక నమ్మడు, అప్పుడు కరువు తీర్చగల వాన ఎక్కడి నుంచీ రాదు.

లొసుగు ఎవరి కోసం తెరిచినా ఆ పక్షం దగ్గరే ఆగదన్న సంగతికి అమెరికాలో 2024లో జరిగిన సంఘటన నిదర్శనం. సూపర్ ప్యాక్‌లు ఇంటింటి ప్రచారంలో అభ్యర్థితో నేరుగా కలిసి పనిచేయవచ్చా అని ఫెడరల్ ఎన్నికల సంఘాన్ని అడిగినది టెక్సస్ మెజారిటీ ప్యాక్ అనే సంస్థ. అది డెమొక్రాట్లకు అనుకూలమైనది. ఆ ఏడాది మార్చిలో ఎన్నికల సంఘం అందుకు అనుమతి ఇచ్చింది. కొన్ని నెలల్లోనే డొనాల్డ్ ట్రంప్ ప్రచారం ఆ అనుమతిని ఆధారం చేసుకుని, కీలక రాష్ట్రాల్లో ఓటర్ల తలుపు తట్టే పనిలో పెద్ద భాగాన్ని మస్క్ నిధులతో నడిచిన అమెరికా ప్యాక్‌కు అప్పగించింది. 2016 పోటీ ఆరంభంలో ఇతరుల సూపర్ ప్యాక్‌లను దుయ్యబట్టి, తన డబ్బుతో తానే పోటీ చేస్తున్నానని చెప్పుకున్న అభ్యర్థి ట్రంపే. 2024 ఎన్నికల చక్రంలో బయటి సంస్థల ఖర్చు మొత్తం సుమారు 450 కోట్ల డాలర్లకు చేరింది.

మాటకు నిలబడినవారు ఎవరూ లేరా అంటే, విస్కాన్సిన్ సెనేటర్ రస్ ఫైన్‌గోల్డ్ ఉదాహరణ ఉంది. జాన్ మెకెయిన్‌తో కలిసి 2002 నాటి సంస్కరణ చట్టానికి తన పేరిచ్చిన ఆయన, ఆ చట్టం రాకముందే 1998లో తన ఖర్చుకు తానే హద్దు పెట్టుకుని, తనకు అనుకూలంగా ప్రకటనలు వేస్తున్న సొంత పార్టీ జాతీయ విభాగాన్నే తన రాష్ట్రం నుంచి వెళ్లిపొమ్మని కోరారు. దాదాపు 38,000 ఓట్ల స్వల్ప ఆధిక్యంతో గెలిచారు. సిటిజెన్స్ యునైటెడ్ తర్వాత తొలి ఎన్నిక అయిన 2010లోనూ ఆయన పార్టీ జాతీయ విభాగం సాయం వద్దన్నారు, ఈసారి ఓడిపోయారు. 2012లో ఒబామా ప్రచారానికి సహాధ్యక్షుల్లో ఒకరుగా ఉండి కూడా సూపర్ ప్యాక్ నిర్ణయాన్ని బహిరంగంగా తప్పుపట్టారు. 2016లో తిరిగి పోటీ చేసినప్పుడు, నిధుల్లో అధిక భాగం సొంత రాష్ట్రం నుంచే తీసుకుంటానన్న పాత మాటను ఆయనా నిలుపుకోలేదు.

1919 జనవరిలో మ్యూనిక్‌లో చేసిన ప్రసంగంలో సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ రాజకీయ నాయకుడికి రెండు నీతులు ఎదురవుతాయని చెప్పాడు: నమ్మకానికి కట్టుబడే నీతి ఒకటి, ఫలితానికి బాధ్యత వహించే నీతి మరొకటి. తన చేతులు శుభ్రంగా ఉంచుకోవడం కోసం తనను నమ్ముకున్నవారి ప్రయోజనాలను పణంగా పెట్టే హక్కు నాయకుడికి ఉందా అని రెండవ నీతి ఫైన్‌గోల్డ్‌ను అడుగుతుంది. ఆయన ఓటమి వల్ల నష్టపోయినది ఆయన ఒక్కరే కాదు కనుక ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఆయన ఎలా పోటీ చేస్తారో, దేనిని తీసుకోరో ఆయన మద్దతుదారులకు ముందే తెలుసు. ఆ నియమాలతో సహా ఆయనను అభ్యర్థిగా అంగీకరించి, 1998లో ఆ ప్రమాదాన్ని తెలిసే పంచుకున్నారు, 2010లోనూ తెలిసే పంచుకున్నారు. సూపర్ ప్యాక్‌ను తిట్టి ఓట్లు అడిగి, పోటీ మధ్యలో దాని చేయి పట్టుకున్న నాయకుల మద్దతుదారులకు అటువంటి అంగీకారం తెలిపే అవకాశమే దొరకలేదు. తమ నాయకుడు తమ పేరుతో, తమ క్షేమం కోసమే ఆ సడలింపు తీసుకున్నాడని వారికి చెప్పారే గాని, అది కావాలా అని వారిని ఎవరూ అడగలేదు.